తవిటినాయుడి అధికారిక నిద్ర

విశ్రాంతి భవనాల శాఖవారి జిల్లా కార్యాలయంలో ముప్ఫైమంది దాకా పనిచేస్తారు. జిల్లా మొత్తానికి ఉన్న విశ్రాంతి భవనం ఒక్కటే. అందులో గది ఒకటి, గదిలో మంచం ఒకటి, మంచం మీద పరుపు ఒకటి. అంతమంది కలిసి ఆ ఒక్క పరుపునూ ఏళ్ల తరబడి కంటికి రెప్పలా చూసుకున్నారు. చూసుకున్నారే గానీ మార్చలేదు. దాంతో దాని నడుం కొంచెం కొంచెంగా దిగిపోయి, చివరికి పడుకున్నవాడి తలా కాళ్లూ పైనా, మిగతా మనిషి కిందా ఉండే స్థితికి వచ్చింది.

ఆ పరుపు మీద ఒకసారి రాజధాని నుంచి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన పడుకున్నాడు. పొద్దున్న లేచాక ఆయన నడుం నిటారుగా నిలవలేదు. ఆ రోజు సభలన్నిటికీ వంగే వెళ్లాడు, వంగే ప్రసంగించాడు. ఇంత వినయం గల అధికారిని జన్మలో చూడలేదని జనం చెప్పుకున్నారు. కారెక్కే ముందు ఆయన జిల్లా కార్యాలయం వాళ్లతో ఒక్క మాటే అన్నాడు. నేను మళ్లీ వచ్చేసరికి ఇక్కడ కొత్త పరుపు ఉండాలి అన్నాడు.

మరో చోటయితే ఆ సాయంత్రమే ఎవరో ఒకరు బజారుకెళ్లి పరుపు కొనుక్కొచ్చేవారు. కానీ ఈ కార్యాలయానికి అధిపతి ఉపసంచాలకులు పరాంకుశంగారు. ఆయన ఆ మధ్యనే రాజధానిలో ‘తులనాత్మక కొనుగోలు’ అనే శిక్షణ పొంది వచ్చారు. ఏ వస్తువు కొనాలన్నా మూడు రకాలు తెప్పించాలి. ఆ వస్తువు ఏ పనికి ఉద్దేశించినదో ఆ పనిలోనే పెట్టాలి. ఒకే మనిషి, ఒకే పరిస్థితుల్లో, మూడిటినీ వాడి పోల్చాలి. పోలిక పట్టిక మీద సంతకం పడ్డాకే కొనాలి. వినడానికి బాగానే ఉంది. పరాంకుశంగారు దాన్ని ముందుగా అగ్గిపెట్టెల మీద ప్రయోగించారు. మూడు రకాల అగ్గిపెట్టెలూ తెప్పించి, వెలుగుతాయో లేదో తేల్చడానికి పుల్లలన్నీ గీయించారు. ఒక రకంలో ఒక్కటి కూడా తప్పకుండా పుల్లలన్నీ వెలిగాయి. అద్భుతమైన నివేదిక తయారయింది. ఆ సాయంత్రం కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించడానికి ఆఫీసులో పుల్ల లేదు.

అలాంటి మనిషి చేతికి ఇప్పుడు పరుపు దొరికింది.

ఆయన సిబ్బందినందరినీ పిలిపించి, కళ్లజోడు సవరించుకుని, పరుపు అనునది నిద్ర నిమిత్తము ఉద్దేశించబడిన వస్తువు గనుక దానిపై నిద్రించియే పోల్చవలెనని సెలవిచ్చారు. సదరు నిద్ర కార్యాలయ వేళల్లోనే జరగాలి. ఆ వేళలు దాటాక పోయే నిద్ర ఎవరికి వారి సొంత నిద్ర అవుతుంది, దానికీ ప్రభుత్వానికీ సంబంధం ఉండదు. కనుక ఒక ఉద్యోగిని నిద్ర విధుల్లో నియమించవలసి ఉన్నది.

ఈ మాట వినగానే గదిలో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఆ పని తాము చాలాకాలంగా జీతం మీద ఆశ లేకుండానే చేస్తున్నామని కొందరికి అనిపించింది కూడా. కానీ చిక్కు అక్కడే వచ్చింది. ఆఫీసులో కునుకు తీస్తూ పట్టుబడి మెమో తీసుకోని వాళ్లు ఎవరని సూపరింటెండెంటు వరహాలమ్మగారిని అడిగితే, ఆవిడ మొహమాటం లేకుండా ఒక్కరే ఉన్నారని చెప్పింది. వరహాలమ్మగారు ముక్కుసూటి మనిషి. ఆవిడకీ ఒక మెమో ఉంది, ఆ సంగతి కూడా ఆవిడే చెప్పింది. ఒకసారి నిద్ర విషయంలో తప్పు చేసినవాళ్లకి నమ్మి నిద్ర అప్పగించడం ఎలా అని పరాంకుశంగారు తల అడ్డంగా ఊపారు.

మచ్చ లేని ఆ ఒక్కడూ సీనియర్ అసిస్టెంటు తవిటినాయుడు.

అతను ఆఫీసులో ఎప్పుడూ నిద్రపోకపోవడానికి కారణం నిజాయితీ కాదు. అతనికి నిద్ర పట్టదు. సొంత ఊరు సాలూరు. భార్య నూకరత్నం అక్కడే బడిలో పంతులమ్మ. అతన్ని జిల్లా కేంద్రానికి బదిలీ చేసిన దగ్గర్నుంచి ఒక అద్దె గదిలో ఒంటరిగా ఉంటూ, రాత్రంతా ఫ్యాను రెక్కల్ని చూస్తూ గడుపుతున్నాడు. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికెళితే మాత్రం తలుపు దాటి లోపలికి అడుగు పెట్టిన కాసేపటికే కళ్లు మూతలు పడేవి. అదేం చిత్రమో గానీ, పెళ్లయిన దగ్గర్నుంచి నూకరత్నం చెప్పిన ఏ కథకీ ముగింపు అతనికి తెలియదు. బళ్లో ఫలానా పిల్లాడు ఏం చేశాడంటే అని ఆవిడ మొదలుపెట్టేది. ఆ పిల్లాడు ఏం చేశాడో ఈనాటికీ అతను ఎరగడు. అతనికి కావలసింది ఒక్కటే, సాలూరుకి బదిలీ. దానికోసం పెట్టుకున్న అర్జీ పరాంకుశంగారి బల్ల మీద, అద్దం కింద, ఎండకి రంగు మారుతూ ఉంది.

తవిటినాయుడు చేతులు కట్టుకుని నిలబడి నిజం చెప్పేశాడు.

“నాకసలు నిద్దరే పట్టదండి బాబూ. నన్నొగ్గీండి. ఈ పనికి నాను పనికిరాను.”

పరాంకుశంగారి కళ్లు ఆనందంతో మెరిశాయి. “నిద్ర సులభంగా పట్టువాడు రాతిమీదనైనను నిద్రించును. అట్టివానికి పరుపుల తారతమ్యం ఎట్లు తెలియును? నిద్ర పట్టనివానిని నిద్రపుచ్చినదే పరుపు. మీకన్నా నిష్పాక్షికమైన వ్యక్తి ఈ శాఖలో లేడు” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, అద్దం కింది అర్జీని వేలితో తట్టి, పోలిక పట్టిక మీద సంతకం పడిన రోజునే దీని మీదా పడుతుందని మాటిచ్చారు. తవిటినాయుడు ఆ వేలునే చూస్తూ సరేనన్నాడు.

మర్నాడు కమిటీ పరుపుల దుకాణానికి బయల్దేరింది. కమిటీ అంటే పరాంకుశంగారు, వరహాలమ్మగారు, తవిటినాయుడు. దుకాణదారు కర్రి అప్పారావు మంచి మాటకారి. ఎదురొచ్చి, కూల్‌డ్రింకులు తెప్పించి, పరుపు మీద అరచేయి పెట్టి నొక్కి, ఎలా పైకి లేచిందో చూడమన్నాడు. మేము అరచేతితో పడుకుంటామా అని పరాంకుశంగారు అడిగారు. అప్పారావు జీవితంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అతను కాసేపు తన అరచేతిని చూసుకుని, అయితే మీరే పడుకుని చూడండన్నాడు. పడుకోవడానికి నియమితుడైన వ్యక్తి వేరే ఉన్నాడని, తాను పడుకుంటే అది అధికార అతిక్రమణ అవుతుందని పరాంకుశంగారు వివరించారు.

చివరికి కొబ్బరిపీచు పరుపు ఒకటి, ఫోము పరుపు ఒకటి, స్ప్రింగు పరుపు ఒకటి నమూనాలుగా ఆఫీసుకి పంపడానికి అప్పారావు ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. పైనున్న ప్లాస్టిక్ కవరు చింపకూడదు. చింపితే కొన్నట్టే లెక్క. పోలిక పూర్తి కాకుండా కొనకూడదని నియమం. కవరు తియ్యకుండా పడుకుంటే ఒళ్లు ఉడికిపోతుందని తవిటినాయుడి భయం. నియమానికీ వ్యాపారానికీ మధ్య అతని వీపు ఇరుక్కుంది. మూడిటి మీదా కవరు సమానంగానే ఉంటుంది కాబట్టి పోలికకి ఏ లోటూ రాదని పరాంకుశంగారు తీర్పు చెప్పారు.

ఆఫీసు మధ్య హాల్లో బీరువాలు పక్కకి జరిపి మంచం వేశారు. పొద్దున్నే తవిటినాయుడు హాజరుపట్టీలో సంతకం పెట్టి, చెప్పులు విప్పి, కొబ్బరిపీచు పరుపెక్కి పడుకున్నాడు. దిండు ఇవ్వలేదు. దిండు వేరే వస్తువు, దాన్నిక్కడ కలిపితే సుఖంలో ఎంత భాగం పరుపుదో ఎంత భాగం దిండుదో తేలదు. దుప్పటి కూడా అంతే. ఫ్యాను ఒకే వేగంతో తిరగాలి. కరెంటు పోతే అప్పటిదాకా పట్టిన నిద్ర, పట్టి ఉంటే గనక, రద్దయిపోతుంది. మూడు పరుపుల ముందూ కడుపులో ఒకే పదార్థం ఉండాలి కాబట్టి అతను పొద్దునా మధ్యాహ్నం కూడా ఉప్మాయే తినాలి. అదీ ఒకే హోటల్లో. ఉప్మా మీద తవిటినాయుడికి మొదట్నించీ సదభిప్రాయం లేదు. ఇప్పుడు ఆ హోటలు బోర్డు చూస్తేనే మొహం తిప్పుకునేవాడు.

నిద్ర పట్టిందో లేదో తెలుసుకోవడం ఎలాగన్నది ఇంకో సమస్య. కళ్లు మూసుకున్నవాళ్లంతా నిద్రపోతున్నట్టు కాదని ఆ ఆఫీసులో అందరికీ అనుభవమే. అందుకని ఇద్దరు ఉద్యోగుల్ని పర్యవేక్షకులుగా వేశారు. వాళ్లు మంచానికి చెరోపక్కా కుర్చీలేసుకుని కూర్చుని, గడియకోసారి వంగి, నిద్రపోయారా అని మర్యాదగా అడగాలి. అతను లేదండి అని జవాబివ్వాలి. ఒకవేళ జవాబివ్వకపోతే, ఎందుకివ్వలేదో లేపి అడిగి రాయాలి.

అతను కదిలినప్పుడల్లా ప్లాస్టిక్ కవరు కరకరలాడేది. వచ్చేపోయే జనం ఆగి చూసేవారు. ఒకావిడ ఈయనకి ఏం జబ్బని అడిగితే, జబ్బు కాదమ్మా, డ్యూటీలో ఉన్నారు అని ప్యూను చెప్పాడు. ఆవిడ పడుకున్న తవిటినాయుడికి దండం పెట్టి, తన పని సంగతి తర్వాత వచ్చి అడుగుతానని వెళ్లిపోయింది.

నిద్రపోవడానికి జీతమిస్తారని కలలో కూడా అనుకోని మనిషికి, ఆ కల రావడానికి ముందు నిద్ర రావాలి కదా. రాలేదు. కొబ్బరిపీచు వీపుని గుచ్చింది. ఫోము మీద మనిషి మునిగిపోయి, పక్కకి తిరగాలంటే ఎవరో ఒకరు చెయ్యందించాల్సి వచ్చింది. స్ప్రింగు పరుపు మీద అతను కదలకపోయినా పరుపు కదిలేది. తవిటినాయుడు పైకప్పునే చూస్తూ, అద్దం కింది అర్జీని తల్చుకుంటూ, నిద్రపోవాలి, నిద్రపోవాలి అని ఎంత గట్టిగా అనుకుంటే అంత మెలకువగా ఉండేవాడు.

అతను నిద్రపోలేదు గానీ పర్యవేక్షకులు నిద్రపోయారు. పడుకున్న మనిషిని రోజంతా కళ్లార్పకుండా చూడమంటే ఎంతటివాడికైనా కునుకు వస్తుంది. మొదటి ఇద్దరికీ మెమోలు వెళ్లాయి. తర్వాత వేసిన ఇద్దరూ ఇంకా ముందే గుర్రుపెట్టారు. వాళ్లకీ వెళ్లాయి. పర్యవేక్షకుల మీద కూడా పర్యవేక్షకుల్ని వేశారు, వాళ్లు కుర్చీలు గోడకి చేరవేసుకుని మరీ నిద్రపోయారు. కొన్నాళ్లకి ఆఫీసులో మెలకువగా ఉన్నది తవిటినాయుడొక్కడే అయ్యాడు. ఫోను మోగితే మంచం మీంచి లేచి అతనే ఎత్తేవాడు. లేచినందుకు సంజాయిషీ రాసేవాడు.

మొదటి శనివారం సాయంత్రం బస్సుకి టైమవుతోందని సంచి సర్దుకుంటుంటే పరాంకుశంగారు కబురు పెట్టారు. సాలూరు వెళ్లడానికి వీల్లేదన్నారు. ఇంటి దగ్గర నిద్రపోతే ఆ నిద్ర లోపల నిల్వ ఉండి పరీక్ష ఫలితాన్ని పాడుచేస్తుంది. పోలిక పూర్తయ్యేదాకా బయటి నిద్ర నిషిద్ధము అని ఉత్తర్వు కూడా టైపు చేయించారు. తవిటినాయుడికి ఏడుపొచ్చినంత పనయింది. వారమంతా అతను బతికేదే ఆ ఒక్క రాత్రి కోసం.

గదికెళ్లి నూకరత్నానికి ఫోను చేసి సంగతంతా చెప్పాడు. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా అంతా వింది. ఆవిడ మాట్లాడకపోవడం అతనికి అలవాటు లేదు.

“ఇంటికొచ్చి పడుకుంటే తప్పా?” అంది చివరికి. “అక్కడ మెలకువగా పడుకుంటే ఉద్యోగమా? ఇదెక్కడి చోద్యమండీ. నానేటి చెప్పను, ఎవరికి చెప్పను?”

చెప్పడానికి చాలా ఉందని, ఆరో తరగతి పిల్లల గొడవ ఒకటి ఉందని, వచ్చాక చెప్తానని పెట్టేసింది. ఆ రాత్రి ఫ్యాను రెక్కలు ఎప్పటికంటే నెమ్మదిగా తిరిగాయి.

అలా ఇంకో శనివారం పోయింది. మరొకటీ పోయింది. తవిటినాయుడి కళ్ల కింద నల్లని చారలు దిగాయి. ఈలోగా రాజధాని నుంచి ఆ పెద్ద అధికారి త్వరలోనే మళ్లీ వస్తున్నట్టు వర్తమానం వచ్చింది. నడుం ఇప్పుడిప్పుడే తిన్నబడుతోందని కూడా అందులో ఉంది. పరాంకుశంగారు కంగారుపడి తవిటినాయుణ్ణి పిలిచి నిలబెట్టారు.

“మీ నిద్రాలోపము ఉద్దేశపూర్వకమైనదని భావించుటకు తగిన ఆస్కారం ఉన్నది” అన్నారు. “అప్పగించిన విధిని నిర్వర్తించక మెలకువగా ఉన్నందున, సాలూరు మాట అటుంచి, మిమ్మల్ని జిల్లా సరిహద్దుకి పంపవలసి వస్తుంది. రేపు సమీక్షా సమావేశం. ఈలోగా ఆలోచించుకొనుడు.”

తవిటినాయుడు బయటికొచ్చి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వరహాలమ్మగారు పక్కనించి వెళ్తూ ఆగింది. కళ్లు మూసీసి ఒక పరుపు మీద గుర్రు పెట్టేసినట్టు నటించవచ్చు కదా, ఎవడు చూడొచ్చాడు, అని సలహా ఇచ్చింది. అతనూ ఆ ప్రయత్నం చేశాడట. గుర్రు పెడుతుంటే పర్యవేక్షకుడు వంగి నిద్రపోయారా అని అడిగాడు. మర్యాద కొద్దీ లేదండి అనేశాడు. ఈ మాట విని వరహాలమ్మగారు అతని భుజం తట్టి లోపలికెళ్లిపోయింది.

సమీక్షా సమావేశం మర్నాడు పొద్దున్న మొదలైంది. కుర్చీలు పాత టేకు కుర్చీలు. ఒక చెయ్యి విరిగినది తవిటినాయుడి వంతుకొచ్చింది. పరాంకుశంగారు నిలబడి నివేదిక చదవడం మొదలుపెట్టారు. “పరుపుల తులనాత్మక పరిశీలనా కార్యక్రమ ప్రగతిని గూర్చి, సదరు కార్యక్రమ ప్రారంభమునకు పూర్వము తీసుకొనబడిన, తీసుకొనదలచిన, తీసుకొనుటకు అవకాశముండియు అనివార్య కారణములచే తీసుకొనబడని చర్యలను గూర్చి...”

ఆ వాక్యానికి క్రియ ఎక్కడో చాలా దూరంలో ఉంది. ఆయన గొంతు పైకి లేవదు, కిందికి పడదు, ఆగదు. ఎక్కడా అర్థంకావలసిన అవసరం లేకుండా, పక్కనే ఒక మనిషి ఉన్నాడన్న ధైర్యం మాత్రం ఇస్తూ సాగిపోయింది. తవిటినాయుడికి ఏదో బాగా తెలిసిన చోటికి వచ్చినట్టనిపించింది. ఫ్యాను రెక్కలు కనిపించడం మానేశాయి. పరాంకుశంగారు రెండో పేజీ తిప్పేసరికి, చెయ్యి విరిగిన టేకు కుర్చీలోంచి ఒక గుర్రు వినిపించింది. అది నటన గుర్రు కాదు, ఎన్నో రాత్రుల బాకీ తీర్చుకునే గుర్రు.

పరాంకుశంగారు చదవడం ఆపారు. ఆగీ ఆగగానే తవిటినాయుడు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. పైప్రాణాలు పైనే పోయాయి. మచ్చలేని సర్వీసుకి మచ్చ పడింది, సాలూరు చేజారిపోయింది అనుకున్నాడు.

మెమో టైపు చెయ్యమని పరాంకుశంగారు వరహాలమ్మగారికి చెప్పారు. నేరం, విధి నిర్వహణ సమయంలో నిద్రించుట. ఆవిడ కాగితం ఎక్కించి, టైపు మిషను మీద వేళ్లాపి, తలెత్తింది.

“ఒక మాటండి. ఈయనకి మనమేసిన డ్యూటీయే నిద్దర కదండి. డ్యూటీలో నిద్దరోయాడని మెమో ఇస్తే, డ్యూటీ చేసినందుకు ఇచ్చినట్టవుతాదేమోనండి. మరి పైవోళ్లు అడిగితే నానేటి చెప్పాల?”

పరాంకుశంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. ఆ కాస్త వ్యవధిలో ఆయన ముఖంలో కోపం తగ్గి, జిజ్ఞాస ప్రవేశించింది. నిద్ర పట్టనివాడికి నిద్ర పట్టింది. మూడు పరుపుల మీదా పట్టలేదు, కుర్చీలో పట్టింది. ఇది తులనాత్మక కొనుగోలు చరిత్రలో కొత్త విషయం. అంటే నాలుగో నమూనా కుర్చీ అన్నమాట. కుర్చీని పట్టికలో చేర్చారు. మర్నాడు తవిటినాయుణ్ణి అదే కుర్చీలో ఒక్కణ్ణీ కూర్చోబెట్టి చూశారు. రోజంతా చూసినా నిద్రపోలేదు.

పరాంకుశంగారు ఆలోచనలో పడ్డారు. పరిస్థితులు సమానంగా లేవని ఆయనే కనిపెట్టారు. కుర్చీకి తన కంఠం తోడయింది, పరుపులకి తోడవలేదు. న్యాయం జరగాలంటే పరుపుల పక్కన కూడా నివేదిక చదవాలి. ఆయన కొబ్బరిపీచు పరుపు పక్కన కుర్చీ వేసుకుని, “పరుపుల తులనాత్మక పరిశీలనా...” అన్నారు. తవిటినాయుడు నిద్రపోయాడు. ఫోము మీద నిద్రపోయాడు. స్ప్రింగు మీద నిద్రపోయాడు. ప్లాస్టిక్ కవరు కూడా నోరు మూసుకుంది. ఎందుకైనా మంచిదని గచ్చునేల మీద పడుకోబెట్టి చదివారు. అక్కడా నిద్రపోయాడు. పర్యవేక్షకులు కూడా నిద్రపోయారు. ఉప్మా హోటలువాడు బాకీ అడగడానికి వచ్చి గుమ్మంలోనే చతికిలబడి తల వాల్చాడు.

మరో అధికారి అయితే ఈ ఫలితం చూసి నివేదికని చింపి నిప్పులో పడేసేవాడు, పుల్ల దొరికితే. పరాంకుశంగారు అలాంటివారు కారు. ఆయన నిజాయితీపరుడు, పైగా తన కంఠం మీద ఆయనకి మొదటినుంచీ గౌరవం ఉంది. పరుపుల మధ్య చెప్పుకోదగ్గ భేదము లేదనియు, నిద్రకు కారణభూతమైనది ఉపసంచాలకుల పఠనమనియు, అది లేనిచో ఏ పరుపూ నిద్రించుటకు చాలదనియు, అది ఉన్నచో ఏ పరుపూ అవసరము లేదనియు పట్టికలో రాసి, కింద నిండుగా సంతకం పెట్టారు.

సంతకం ఆరకముందే తవిటినాయుడు వెళ్లి బల్ల పక్కన నిలబడ్డాడు. అద్దం వైపు చూశాడు. పరాంకుశంగారు మాట మీద నిలబడే మనిషి. అద్దం ఎత్తి, రంగు మారిన ఆ అర్జీని తీసి, అదే కలంతో సంతకం చేశారు. శాఖకి మీరు చేసిన సేవ మరువరానిదని కూడా అన్నారు. తవిటినాయుడికి కళ్లు చెమర్చాయి. ఆ క్షణంలో ఆయన మీద అతనికి నిజంగానే అభిమానం కలిగింది.

పట్టిక రాజధానికి వెళ్లింది. అక్కడ ఆర్థిక విభాగంవారు దాన్ని చదివి చాలా సంతోషించారు. పరుపు కొనక్కర్లేదని ఇంత శాస్త్రీయంగా రుజువు చేసిన జిల్లా మరొకటి లేదు. తిరుగు టపాలో ఉత్తర్వు వచ్చింది. పరుపు కొనుగోలు ప్రతిపాదన విరమించడమైనది. పాత పరుపునే కొనసాగించవలెను. విశ్రాంతి భవనంలో అతిథులు బస చేయు ప్రతి రాత్రియు ఉపసంచాలకులు స్వయముగా హాజరై, మంచము చెంత నివేదికలు పఠించవలెను. తదుపరి ఉత్తర్వుల వరకు ఇది అమల్లో ఉండును.

నియమం నియమమే కాబట్టి పరాంకుశంగారు మాట్లాడకుండా వెళ్లారు. పెద్ద అధికారి వచ్చి, పరుపుని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడట గానీ, పరాంకుశంగారు రెండో పేజీ తిప్పేసరికి నిద్రలో పడిపోయాడట. పొద్దున్న యథాప్రకారం వంగే లేచాడు. అయితే ఇన్నేళ్లలో ఇంత హాయిగా నిద్రపోలేదని అతిథుల పుస్తకంలో రాసి వెళ్లాడు. ఇప్పుడు ఆ భవనానికి గిరాకీ పెరిగింది. నిద్ర పట్టని అధికారులు రాష్ట్రం నలుమూలల నుంచీ పని కల్పించుకుని మరీ ఆ జిల్లాకి వస్తున్నారు, నడుములు వంచుకుని వెళుతున్నారు. వినయం గల అధికారుల సంఖ్య బాగా పెరిగిందని ప్రజలు సంతోషంగా ఉన్నారు. పరాంకుశంగారికి మాత్రం నిద్ర లేదని, ఆయనకి చదివి వినిపించేవాళ్లెవరూ దొరకడం లేదని వరహాలమ్మగారు ఫోన్లో చెప్పింది.

ఆ ఫోను వచ్చింది ఆదివారం మధ్యాహ్నం. తవిటినాయుడు సాలూరులో తన ఇంట్లో, నడవాలో, చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆ ఇంట్లో పరుపు ఉంది గానీ, దాని మీద ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. నూకరత్నం పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఉప్మా చెయ్యమంటారా అని పొద్దున్న అడిగి, అతని ముఖం చూసి ఊరుకుంది.

ఫోను పెట్టేశాక ఆవిడ మొదలుపెట్టింది. ఆరో తరగతి పిల్లల గొడవ అతను బదిలీ మీద వచ్చిన దగ్గర్నుంచీ ఎన్నిసార్లు మొదలుపెట్టినా సగం దాటలేదు. ఒక పిల్లాడు ఇంకో పిల్లాడి క్యారేజీలో ఏదో పెట్టాడట, అది మూత తియ్యగానే గంతేసి హెడ్‌మాస్టరుగారి బల్ల మీద పడిందట. ఇంతకీ అదేటనుకుంటున్నారు, అంది. ఈసారి కథ చివరిదాకా వినాలని తవిటినాయుడు గట్టిగా తీర్మానించుకున్నాడు. ఇంత దూరం వచ్చింది అందుకే కదా అనుకున్నాడు. కళ్లు పెద్దవి చేసి ఆవిడకేసి చూశాడు. ఆవిడ గొంతు పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది, మధ్యలో నవ్వుతోంది, మళ్లీ మొదట్నించీ చెప్తోంది.

“అప్పుడు హెడ్‌మాస్టరుగారు కుర్చీ ఎక్కీసి ఏటన్నారంటే...” అని ఆగి, చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని అతని మీదికి వంగింది.

“ఏవండీ, ఇంటన్నారా?”

జవాబు లేదు. చిన్నగా గుర్రు వినిపించింది. లేపి అడిగి రాసుకునేవాళ్లు అక్కడెవరూ లేరు. నూకరత్నం కాసేపు అతని ముఖంలోకి చూసి, ఆయనగారికి వినపడినా వినపడకపోయినా కథ సగంలో ఆపడం తనవల్ల కాదు గనక, హెడ్‌మాస్టరుగారు ఏమన్నారో చెప్పడం మొదలుపెట్టింది.